ఇరవై రెండున్నర

నా బీఎంఐ ఇరవై రెండున్నర ఉండేది. చాలా ఏళ్లు ఈ అంకెను బిరుదులా తగిలించుకొని తిరిగాను. లెక్కల అయ్యవారి నోట్లో అంకె నిలవదు కదా. స్టాఫ్ రూములో టీ గ్లాసు చేతికి రాగానే చెప్పేవాడిని. పెళ్లి బంతిలో పక్క విస్తరివాళ్లకు చెప్పేవాడిని. గ్యాసు సిలిండరు మోసుకొచ్చిన అబ్బాయిని కూడా గుమ్మంలో నిలబెట్టి, ఎత్తెంత, బరువెంత అని అడిగి, లెక్క కట్టి పంపిన ఘనుణ్ని. నా ఎత్తు 168 సెంటీమీటర్లు, అప్పటి బరువు అరవై మూడున్నర కిలోలు. ఎత్తును మీటర్లలో వేసి వర్గం చేసి, దానితో బరువును భాగిస్తే వచ్చేది ఆ అంకె. 18.5కూ 25కూ నడుమ ఉంటే సరైన బరువని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. మన దేశస్థులకు పై గీతను 23కు దించారు మన వైద్యులు. దానికీ నేను లోపలే. పెళ్లినాటి బరువు యాభై దాటినా పెరగలేదన్న సంగతి మా ఇంట్లో వినని చుట్టం లేడు.

తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా నా ఎత్తూ బరువూ బోర్డు మీద వేసి లెక్క చేయించేవాడిని. ఒకసారి వెనక బెంచీ పిల్లవాడు లేచాడు. "సార్, మనిషికి పొడుగు, వెడల్పు, మందం మూడూ ఉంటాయి గదా. ఎత్తును మూడుసార్లు హెచ్చవేయాల గదా. రెండుసార్లే ఎందుకు?" అన్నాడు. ఘనపరిమాణం పాఠం నేనే చెప్పి నెల కాలేదు. "పుస్తకంలో ఉండేది రాసుకోప్పా, కూచో" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ ప్రశ్న వెంట పడి ఉంటే నా తిక్క అప్పుడే కుదిరేది.

ఈ సూత్రం వైద్యుడు కనిపెట్టింది కాదు. బెల్జియం దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెట్లే, 1830లలో, సగటు మనిషి ఎలా ఉంటాడో అంకెల్లో పట్టాలని కూర్చున్నప్పుడు గమనించిన తీరు అది. పెద్దవాళ్లలో బరువు దాదాపు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతోందని చూశాడు. పొడుగు మనిషంటే పొట్టి మనిషిని అన్ని వైపులా సమానంగా సాగదీసిన బొమ్మ కాదు. పొడుగు పెరిగేకొద్దీ మనిషి కొంత సన్నబడతాడు. అందుకే ఘనం కుదరదు. అప్పుడే పుట్టిన పిల్లలకైతే ఎత్తు ఘనంతో భాగించే సూచిక వేరే ఉంది. అంటే మా వెనక బెంచీవాడు ఉత్త ప్రశ్న వేయలేదన్నమాట. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ అయిదు దేశాల మగవాళ్లు ఏడువేల పైచిలుకు మంది కొలతలు ముందేసుకొని, చర్మం మడత పట్టి కొలిచిన కొవ్వుతో పోల్చి చూసి, చలామణిలో ఉన్న సూత్రాల్లో ఇది నయమే అన్నాడు. బాడీ మాస్ ఇండెక్స్ అనే పేరు ఆయన పెట్టిందే. ఆ అయిదు దేశాల్లో మనది లేదు. ఆయన చూసుకున్నది గుంపుల లెక్క. నేను దాన్ని తెచ్చి ఒక్కొక్క మనిషి నెత్తిన పెట్టాను, ముందుగా నా నెత్తిన కిరీటంలా.

తర్వాత మా బావమరిది నెత్తిన. వాడికి నార్పల వైపు చీనీ తోట ఉంది. కుర్రతనంలో కబడ్డీ ఆడినవాడు. మెడ, భుజాలు ఇప్పటికీ అప్పటివే. కోతల కాలంలో కూలీలతో సమానంగా కాయల గంపలు లారీకి ఎత్తుతాడు. 172 సెంటీమీటర్లు, 82 కిలోలు. 27.7 వచ్చింది. సంక్రాంతికి వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు, అందరి ముందరా, "ఏమప్పా, నీది ఊబకాయం కింద లెక్క" అన్నాను. వాడి ఆకులో రెండో ఓళిగ వేయబోతున్న నా భార్య చెయ్యి గాలిలోనే ఆగింది. వాడు మాత్రం నవ్వి, "తూకం వేసినావు సరే బావా, సూట్లు ఎంత తీస్తావు?" అన్నాడు. చీనీ మండీలో తూకంలో ఇంతని కోసి రాసుకునేదాన్ని సూట్లంటారు. అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. శాస్త్రం చెప్తుంటే ఎగతాళి చేస్తాడేమిటని.

నా సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు పాతూరులో నాకు ప్యాంట్లు కుట్టే భాయ్. నూనె మరకలు పడ్డ పొడుగాటి పుస్తకంలో నా కొలతలన్నీ ఏడాది వరసన ఉన్నాయి. ఎప్పుడు చూసినా నడుము 34. "చూసినావా భాయ్, ఇన్నేండ్లయినా నడుము మారలేదు" అన్నాను ఒకరోజు. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకొని పక్క గడి మీద వేలు పెట్టాడు. "నడుము మారలేదు సార్. పొడుగు చూడండి. మొదట్లో 40 ఉండె. మళ్ల 39 ఆయె. ఇప్పుడు 38. మీరు కుదించుకపోతాండారా సార్?" అన్నాడు. నేను కుదించుకుపోలేదు. బెల్టు దిగిపోతోంది. పొట్ట పెరిగేకొద్దీ దాని కిందకు, ఇంకా కిందకు ప్యాంటు జార్చి కట్టుకుంటూ వచ్చాను. అక్కడ కొలత ఎప్పుడూ 34 మీదే నిలిచింది. భాయ్ మర్యాదస్థుడు, అంతకంటే ఏమీ అనలేదు. నేను అప్పటికీ గ్రహించలేదు. కొలత తప్పు రాసుకున్నాడనుకున్నాను.

నా ధీమాలో ఊరి వాటా కూడా ఉంది. ఏడాదికి అటూ ఇటూ 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లా మాది. ఎండకు ఎండి, కరువుకు ఓర్చి, సంగటి తిని గట్టిపడ్డ ఒళ్లు మనవి, వీటికేం కాదు అనే మాట వింటూ పెరిగాను. గుండె జబ్బంటే రైల్లో వచ్చేదనుకునేవాడిని. పుట్టపర్తిలో డబ్బు తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేసే పెద్దాసుపత్రి 1991 నవంబరులో మొదలైంది. బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి రిపోర్టుల కవర్లు చంకన పెట్టుకొని దిగేవాళ్లను ధర్మవరం స్టేషనులో చూసినప్పుడల్లా, పాపం, వాళ్ల తిండి ఎలాంటిదో అని జాలిపడేవాడిని. చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం పెట్టుకొని.

చివరికి బావమరిదిని ల్యాబుకు తీసుకుపోయాను. వాడి గుండె గురించి బెంగ అని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి, నా మాట నెగ్గాలి. వాడొక్కడే సూది పొడిపించుకోనంటే జతగా నేనూ చెయ్యి చాపాను. సాయంత్రానికి రెండు కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో ట్రైగ్లిజరైడ్లు 132, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 46, పరగడుపు షుగరు 92. రెండోదాంట్లో ట్రైగ్లిజరైడ్లు 264, హెచ్‌డీఎల్ 31, షుగరు 117. కవర్లు తారుమారయ్యాయనుకున్నాను. పేరు చూశాను, వయసు చూశాను. కౌంటరు దగ్గరికి వెళ్లి ఆ అమ్మాయిని అడిగాను కూడా. ఆమె ఓపిగ్గా సీసా మీది నంబరు, కాగితం మీది నంబరు కలిపి చూపించింది. రెండోది నాదే. బీపీ మాత్రం ఇద్దరిదీ ఎక్కువే ఉంది. వాడిది 156 మీద 98, నాది 142 మీద 90. ఆ ఒక్క ముక్క పట్టుకొని, "చూసినావా, బీపీలో నువ్వే ముందు" అన్నాను దోవలో. ఎంత సిగ్గుచేటు మాటో అప్పుడు తోచలేదు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, నా ఇరవై రెండున్నర గురించి పూర్తిగా విని, సొరుగులోంచి టేపు తీసింది. దర్జీలు వాడే మామూలు టేపు. చొక్కా పైకెత్తమని, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా నడుమ చుట్టింది. నేను అలవాటుగా పొట్ట లోపలికి లాక్కున్నాను. ఇన్సూరెన్సు పాలసీకి కొలతలు తీసినప్పుడు పనికొచ్చిన విద్య అది. "ఊపిరి వదలండి సార్. ఇంకా. ఊ, ఇప్పుడు" అంది. 96 సెంటీమీటర్లు. మన మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటకూడదట. ఇంకా సులువుగా కావాలంటే ఎత్తులో సగం దాటకూడదట. నా ఎత్తులో సగం 84. ఆ భాగహారం నాకు ఆమె చేసి చూపించాల్సి వచ్చింది.

"బరువు మారలేదు మేడమ్" అన్నాను, చివరి గడ్డిపోచ పట్టుకున్నట్టు. "మారలేదు సార్, లోపలి సరుకు మారింది" అంది. ముప్పై ఏళ్ల కిందట సైకిలు తొక్కి, పొలం పని చేసి ఉన్న కండ తరిగింది. దాని స్థానంలోకి కొవ్వు వచ్చి కూర్చుంది. కాటాకు రెండూ ఒకటే. పైగా చర్మం కింద పిర్రలకు, తొడలకు పట్టే కొవ్వు కొంతవరకు సాధువే. పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలోనూ చేరేది అలా పడి ఉండదు. కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతూ ఉంటుంది. హెచ్‌డీఎల్ పడిపోతుంది, ఇన్సులిన్ మాట కండరాలు వినడం మానేస్తాయి, రక్తనాళాల గోడల్లో పూత పేరుకోవడం మొదలవుతుంది. సన్నటి చేతులు కాళ్లు, ముందుకొచ్చిన పొట్ట, ఎక్కువ ట్రైగ్లిజరైడ్లు, తక్కువ హెచ్‌డీఎల్: ఇది మనవాళ్లలో రోజూ చూసే బొమ్మేనంది ఆమె. నేనేదో అరుదైన కేసునని లోపల చిన్న ఆశ ఉండింది. అదీ పోయింది.

ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. చేయాల్సిన పని ఆలస్యంగా చేయడం మాస్టర్లకు కొత్త కాదు. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ అనే డాక్టరు, లండన్‌లో జాన్ యుడ్కిన్ అనే డాక్టరు, 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన నిలబడ్డ తమ ఫోటోనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. నాకు అటూ ఇటూ దాయాదులు. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. యుడ్కిన్ మారథాన్లు పరుగెత్తే మనిషి. తన పరుగల్లా ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకునేలోపు అందుకోవడమేనని యాజ్ఞిక్ తన మీద తనే జోకు వేసుకున్నాడు. తన పొట్టను ప్రపంచానికి పాఠంగా చూపించిన ఆ పెద్దమనిషి ఎక్కడ, బావమరిది పొట్టను బంతిలో పాఠం చేసిన నేనెక్కడ.

యాజ్ఞిక్ బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లలను కూడా కొలిచింది. అక్కడి శిశువు సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు శిశువుది 3.5. మనవాళ్లకు తగ్గింది కండ, కాలేయం వంటి అవయవాలు. చర్మం కింది కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. పుట్టుకతోనే సన్నటి ఒంట్లో కొవ్వు అన్నమాట. నేను పుట్టిన ఏడు వానల్లేవని, పురిట్లో అరచేతిలో ఇమిడేవాడినని మా అమ్మ చెప్తుంది. ఇది చదివాక నాకు ప్రాణం లేచొచ్చింది. ధాత కరువు నుంచి మొదలుపెట్టి అన్నీ అల్లుకున్నాను. 1876లో వచ్చి రెండేళ్లు పట్టి పీడించిన ఆ కరువులో, పనుల్లో చేరిన కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలని రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. చాలదని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి కార్నిష్ పోట్లాడాడు. అప్పటికి మా ఊళ్లు బళ్లారి జిల్లాలోనివి. తరతరాల ఆకలి మన ఒళ్లకు దాచుకోవడం నేర్పిందనే వాళ్లు పరిశోధకుల్లోనూ ఉన్నారు, అంత సులువుగా రుజువయ్యే మాట కాదనేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ కథ భలే నచ్చింది. తప్పు నాది కాదు, ముత్తాతలది అవుతుంది కదా. తర్వాతిసారి డాక్టరమ్మకు ఇదంతా విప్పి చెప్తే ఓపిగ్గా విని, "మీ ముత్తాతలు సాయంత్రం పూట ఉగ్గానీ బజ్జీ తినేవాళ్లా సార్?" అంది.

ఆమె ఎత్తిపొడుపు అటుంచి, కడుపులో ఉన్నప్పటి తిండికీ గుండెకూ సంబంధం ఉందని చెప్పే సాక్ష్యం మన దగ్గరే ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరీక్ష నడిపింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ రోజూ ఉప్మా అందింది, పక్క ఊళ్లలో ఆ పథకం అప్పటికింకా రాలేదు. పదిహేనేళ్ల తర్వాత సంజయ్ కిన్రా బృందం ఆ పిల్లలను వెతికి పట్టుకుంది. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఒంట్లో కొవ్వులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ వాళ్ల రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ మాట వాళ్ల ఒళ్లు బాగా వింటోంది. నేను ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. కొవ్వు శాతం ఒక్కటే అయినా నాళాల తీరు వేరు కావచ్చు. అంటే బీఎంఐని దించి ఆ పీట మీద కొవ్వు శాతాన్ని కూర్చోబెట్టినా పని జరగదు.

అంత చదివీ నేను చేసింది సరిగ్గా అదే. కొవ్వు శాతం చూపించే కాటా ఆన్‌లైన్లో తెప్పించాను. బోడి పాదాలతో ఎక్కితే ఒక కాలి నుంచి ఇంకో కాలికి సన్నటి కరెంటు పంపుతుంది. నీళ్లు, లవణాలు ఉన్న కండలో కరెంటు సులువుగా పారుతుంది, కొవ్వులో పారదు. ఆ అడ్డును బట్టి కొవ్వును అంచనా కడుతుంది. మొదటి రోజు 29 అంది. ఏప్రిల్ ఎండల్లో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో చెమటలు కారేలా నడిచొచ్చి ఎక్కితే 31 అంది. మర్నాడూ అంతే. నడిస్తే కొవ్వు పెరుగుతోందని నడక మానేశాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నిజం. ఒంట్లో నీళ్లు తగ్గితే కరెంటుకు అడ్డు పెరిగి యంత్రం దాన్ని కొవ్వుగా లెక్కగడుతుందన్న సంగతి దాంతో వచ్చిన కాగితంలోనే ఉంది. నేను వారంటీ ఉన్న పేజీ మాత్రం చదివాను.

ఒకరోజు వయసు గడిలో 52కు బదులు 32 నొక్కి చూశాను. కొవ్వు తగ్గింది. క్రీడాకారుల మీట ఒకటి ఉంటే అదీ నొక్కాను. ఇంకా తగ్గింది. రెండు నిమిషాల్లో, గుమ్మం దాటకుండా, కుర్ర క్రీడాకారుణ్నయ్యాను. అప్పుడు వెలిగింది. యంత్రం కొలుస్తున్నది బరువు, విద్యుత్తుకు అడ్డు, ఈ రెండే. మిగతాదంతా నేనిచ్చిన వయసు, ఎత్తు పెట్టి లోపల ఎవరో రాసిన సమీకరణం చేస్తున్న ఊహ. పైగా కాలి నుంచి కాలికి పోయే కరెంటు చాలావరకు కాళ్లలోనే తిరిగి వెళ్లిపోతుంది. నా గొడవంతా ఉన్న పొట్ట సంగతి దానికి సరిగ్గా అందదు. ఇరవై ఏళ్లుగా సమీకరణాలు చెప్పి బతుకుతున్న మనిషికి ఇది తట్టడానికి దొంగ వయసు నొక్కాల్సి వచ్చింది.

జబ్బు మా ఊరికి రైల్లో రాదని కూడా అప్పుడే తెలిసింది. 2003, 2004ల్లో ఉభయ గోదావరి జిల్లాల 45 పల్లెల్లో ఎవరు దేనితో పోయారో ఇంటింటా అడిగి రాసుకుంటే, నూటికి 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే తేలాయి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మన ఉపఖండంవాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, తక్కినవాళ్లకు 59 దగ్గర. గుండెపోటు ముప్పు చెప్పడంలో బీఎంఐ కంటే నడుముకూ తుంటికీ ఉన్న నిష్పత్తి చాలా నయమని ఆ అధ్యయనమే తేల్చింది. 53 అనే అంకె చూసినప్పుడు నేను 52లో ఉన్నాను.

తిండిలోనూ తెలివి చూపించాను. అన్నం మానేసి రాగి సంగటి మొదలుపెట్టి, ఇక ఎంత తిన్నా మందేననుకున్నాను. మా నాయన కాలంలో వరన్నం పండగనాటి మాట. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక మూడు పూటలా అదే అయింది. కొర్ర, సజ్జ వేసిన చేలు అప్పటికే చెనిక్కాయ పాలయ్యాయి. కాబట్టి సంగటికి తిరిగి పోతే చాలనుకున్నాను. మా నాయన పొద్దున ముద్ద తిని పగలంతా గుంటక తోలేవాడు. నేను అదే సైజు ముద్ద, చెనిక్కాయల చట్నీ, పైన నెయ్యి వేసుకొని తిని, ఫ్యాను కింద పేపర్లు దిద్దేవాడిని. ముద్ద సగం చేసింది నా భార్య, నన్ను అడక్కుండానే.

ఇప్పుడు నా నడుము 91. బరువు 62, బీఎంఐ 22కు ఒక పిసరు కిందికి దిగింది. ట్రైగ్లిజరైడ్లు 180 దగ్గర ఉన్నాయి, బీపీకి రోజూ మాత్ర వేసుకుంటున్నాను. భాయ్ ప్యాంటు పొడుగు మళ్లీ 40 చేశాడు. నడుము 36 పెట్టాడు. అది ఉన్న చోట అంతే ఉంటుంది మరి.

కానీ బావమరిదికి రాసిన బీపీ మాత్ర వాడు వేసుకోవడం లేదు. నెల వేసుకొని, బాగానే ఉంది గదా అని మానేశాడట. మొన్న ఫోన్ చేసి గట్టిగా చెప్పాను. కొవ్వు సంగతి వేరు, బీపీ సంగతి వేరు, రక్తం మంచిగా ఉన్నా బీపీ ఒక్కటే గుండె కండరాన్ని మందం చేస్తుంది, మెదడులో రక్తనాళం చిట్లిస్తుంది అని. ఈసారి నేను చెప్పింది అక్షరాలా నిజం. వాడు అంతా విని, "మొన్నటిదాకా నన్ను ఊబకాయమంటివి, నువ్వు సన్నమంటివి. నీ లెక్క ఎట్ల నమ్మేది బావా?" అన్నాడు. పక్కన కూలీలు నవ్వడం వినిపించింది. కాయలు ఎత్తుతున్నారేమో, ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం నా భార్య పుట్టింటికి పోతుంటే రెండు నెలల మాత్రలు కొని సంచిలో పెట్టాను. నేరుగా వాడి భార్య చేతికిచ్చి, రోజూ రాత్రి అన్నం పక్కన పెట్టమని చెప్పు, నా పేరు మాత్రం ఎత్తొద్దు అన్నాను.